హోవర్డ్ వోలమ్

చార్లెస్ హోవర్డ్ వోలమ్ (మే 31, 1913 – ఫిబ్రవరి 5, 1986) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, పారిశ్రామికవేత్త, దాత. ఆసిలోస్కోపుల తయారీలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన టెక్ట్రానిక్స్ సంస్థ వ్యవస్థాపకులలో ఈయన ఒకరు. విద్యుత్ సంకేతము యొక్క ఆకారాన్ని తెరపై చూపడానికి మాత్రమే ఎక్కువగా ఉపయోగపడుతూ వచ్చిన ఆసిలోస్కోపును, ఆ సంకేతపు ఓల్టేజిని, కాలాన్ని నమ్మకంగా కొలిచే సాధనంగా తీర్చిదిద్దినవారిలో ఈయన ముఖ్యుడు. వందల, వేల ఓల్టుల సంకేతాన్ని దాని ఆకారము చెడకుండా కొద్ది ఓల్టులకు తగ్గించి, వేగవంతమైన సున్నిత పరికరానికి అందించడం ఈ కృషిలో అతి కష్టమైన భాగము. నేటి డిజిటల్ ఆసిలోస్కోపులలో అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే పరివర్తనికి (ఎ.డి.సి.) ముందు ఉండే వలయము చేసే పని కూడా ఇదే.

బాల్యము, విద్యాభ్యాసము

వోలమ్ ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో జన్మించాడు. చిన్ననాటి నుండి రేడియోల మీద ఆసక్తి ఎక్కువ. పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి 1936లో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలోనే స్వయంగా ఒక ఆసిలోస్కోపును నిర్మించాడు. అది ఆర్థిక మాంద్యపు కాలము కావడంతో భౌతికశాస్త్ర పట్టాకు తగిన ఉద్యోగాలు అరుదు. అదే నగరంలో మెల్విన్ జాక్ మర్డాక్ (1917 – 1971) నడుపుతున్న రేడియో, గృహోపకరణాల దుకాణంలో రేడియోలు బాగుచేసే పనిలో చేరాడు. మర్డాక్‌కు వ్యాపారము తెలుసు, వోలమ్‌కు వలయాలు తెలుసు. తరువాతి కాలంలో వీరిద్దరి భాగస్వామ్యానికి పునాది ఈ దుకాణంలోనే పడింది.

యుద్ధకాలము

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వోలమ్ అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్ విభాగంలో పనిచేశాడు. అధికారిగా ఇంగ్లండుకు వెళ్ళి అక్కడి రాడార్ పరిశోధనలో పాల్గొన్నాడు. అనంతరము న్యూజెర్సీలోని ఎవాన్స్ సిగ్నల్ ప్రయోగశాలలో రాడార్ పనిని కొనసాగించాడు. ఈ సేవలకు గాను లీజియన్ ఆఫ్ మెరిట్ పతకాన్ని రెండు పర్యాయాలు అందుకున్నాడు.

రాడార్ పని ఈయన ఆలోచనా విధానాన్ని ఎంతగా మార్చిందో గమనించాలి. రేడియో బాగుచేసేవారికి కావలసినది మాటిమాటికీ ఒకే తీరుగా వచ్చే తరంగాన్ని చూడడము. రాడార్‌లో అలా కాదు. ఒక చిన్న స్పందము వెళ్ళి, లక్ష్యాన్ని తాకి తిరిగి వస్తుంది. ఒక మైక్రోసెకను ఆలస్యము అంటే 150 మీటర్ల దూరము. ఆ స్పందము ఎప్పుడు మొదలైంది, ఎంత ఎత్తుకు లేచింది, ఎంత వేగంగా లేచింది అనేవి తెలియకపోతే కొలతకు అర్థము లేదు. పైగా రాడార్ ప్రసారిణిలో స్పందాల ఓల్టేజి వేలలో ఉంటుంది, తిరిగి వచ్చే ప్రతిధ్వని ఓల్టులో అతి స్వల్ప భాగము మాత్రమే. ఇంత వ్యత్యాసమున్న సంకేతాలను ఒకే తెరపై చూడవలసి రావడము ఆనాటి ఇంజనీర్లకు కొత్త అవసరము.

టెక్ట్రానిక్స్ స్థాపన

యుద్ధానంతరము వోలమ్, మర్డాక్, మైల్స్ టిప్పెరీ, గ్లెన్ మెక్‌డొవెల్ కలిసి 1946లో పోర్ట్‌లాండ్‌లో సంస్థను ప్రారంభించారు. మొదట టెక్‌రాడ్ అని పేరు పెట్టారు. కాలిఫోర్నియాలో దాదాపు అదే పేరుతో మరొక సంస్థ ఉన్నందున టెక్ట్రానిక్స్ అని మార్చుకున్నారు. యుద్ధంలో మిగిలిపోయిన విడిభాగాలు చవకగా దొరకడము వీరికి కలిసివచ్చింది.

తొలి ఉత్పత్తి టైపు 511 ఆసిలోస్కోపు 1947లో వెలువడింది. ధర 795 డాలర్లు. అది 10 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యము వరకు సంకేతాలను చూపగలిగేది. సంకేతము వచ్చినప్పుడే కాంతి బిందువు ప్రయాణము మొదలయ్యే ట్రిగ్గర్డ్ స్వీప్ పద్ధతి, నిలువునా ఓల్టులలో, అడ్డంగా మైక్రోసెకన్లలో నేరుగా చదువుకోగల కొలతలు దీని ప్రత్యేకతలు. మొదటి యంత్రాన్ని కొన్నది పోర్ట్‌లాండ్‌లోనే ఉన్న ఒరెగాన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల.

ట్రిగ్గర్డ్ స్వీప్‌ను వోలమే కనిపెట్టాడని కొన్నిచోట్ల వ్రాస్తుంటారు. ఇది సరికాదు. యుద్ధకాలపు రాడార్ ప్రయోగశాలలలో ఆ పద్ధతి ముందే వాడుకలో ఉంది. ఓటో ష్మిట్ రూపొందించిన ట్రిగ్గర్ వలయము 1930ల నాటిది. ప్రయోగశాలలకే పరిమితమైన ఈ పద్ధతులను, ఎవరైనా కొనుక్కొని బల్ల మీద పెట్టుకోగల ధరలో, చదివిన అంకెను నమ్మగలిగేంత కచ్చితంగా ఒకే పెట్టెలో కూర్చడము వోలమ్ ఘనత.

అధిక ఓల్టేజి, అధిక వేగము

టైపు 511 కాలంలో ఎలక్ట్రానిక్ వలయాలన్నీ శూన్యనాళికలతో నడిచేవి. వాటికి 200, 300 ఓల్టుల సరఫరా సర్వసాధారణము. ఆసిలోస్కోపులోని యాంప్లిఫయరు మాత్రము కొద్ది ఓల్టులకు మించి సహించదు. కనుక సంకేతాన్ని ముందుగా తగ్గించాలి. పైకి ఇది చిన్న పనిగానే తోస్తుంది. రెండు రెసిస్టర్లను వరుసగా కలిపి ఓల్టేజి డివైడరు చేస్తే చాలదా అనే ప్రశ్న విద్యార్థులకు సహజంగా కలుగుతుంది.

చాలదు. ఆసిలోస్కోపు ప్రవేశద్వారము వద్ద 1 మెగాఓమ్ నిరోధము ఉన్నదనుకుందాము. దానికి ముందు 9 మెగాఓమ్‌ల రెసిస్టరు పెడితే ఓల్టేజి పదో వంతు అవుతుంది. కాని ప్రవేశద్వారము వద్ద నిరోధముతో పాటు, మనము పెట్టకపోయినా ఉండే కెపాసిటీ కూడా ఉంటుంది. అది 20 పికోఫారడ్‌లు అనుకుంటే, ఆ చిన్న కెపాసిటీని 9 మెగాఓమ్‌ల గుండా నింపడానికి పట్టే కాలము (కాల స్థిరాంకము) సుమారు 18 మైక్రోసెకన్లు. అంటే దాదాపు 8,800 హెర్ట్జ్ దాటిన సంకేతాలన్నీ క్షీణించడము మొదలవుతుంది. మనిషి చెవి వినగల 20,000 హెర్ట్జ్ ధ్వనిని సైతము ఈ అమరిక సరిగా చూపలేదు. 10 మెగాహెర్ట్జ్ పరికరానికి ఇటువంటి ద్వారము పెట్టడము వ్యర్థము.

దీనికి పరిష్కారము 9 మెగాఓమ్‌ల రెసిస్టరుకు సమాంతరంగా మరొక చిన్న కెపాసిటరును కలపడము. పై రెసిస్టరు, పై కెపాసిటరుల లబ్ధము, క్రింది రెసిస్టరు, క్రింది కెపాసిటీల లబ్ధానికి సమానము కావాలి. పై ఉదాహరణలో ఆ కెపాసిటరు విలువ 20లో తొమ్మిదో వంతు, అంటే సుమారు 2.2 పికోఫారడ్‌లు. అప్పుడు తక్కువ పౌనఃపున్యాలను రెసిస్టర్లు, ఎక్కువ పౌనఃపున్యాలను కెపాసిటర్లు అదే నిష్పత్తిలో విభజిస్తాయి. మధ్యలో ఎక్కడా తేడా రాదు. ఈ కెపాసిటరు విలువ తక్కువైతే చతురస్ర తరంగపు మూలలు గుండ్రబడతాయి. ఎక్కువైతే మూలల వద్ద కొమ్ములు మొలుస్తాయి. మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలలో సి.ఆర్.ఓ. అని పిలిచే పరికరానికి ప్రోబు తగిలించగానే, దాని మీది చిన్న స్క్రూను తిప్పి చతురస్ర తరంగాన్ని సరిచేయమని చెప్పేది ఇందుకే. చాలామంది విద్యార్థులు ఈ పనిని ఒక తంతుగా చేసి వదిలేస్తారు. నిజానికి ఆ తరువాత తీసుకునే ప్రతి కొలత దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

ఈ సూత్రము కూడా వోలమ్ కనిపెట్టినది కాదు. అయితే సూత్రము తెలియడము వేరు, వేల సంఖ్యలో తయారయ్యే పరికరాలలో ప్రతి స్విచ్చి స్థానములోను అది నెరవేరేటట్లు చూడడము వేరు. స్విచ్చి తిప్పి తగ్గింపు నిష్పత్తి మార్చినప్పుడల్లా వేరొక జత రెసిస్టర్లు, కెపాసిటర్లు రంగంలోకి వస్తాయి. ప్రతి జతను విడిగా సరిచేయాలి. అంతే కాక, ఏ స్థానములో ఉన్నా బయటికి కనిపించే నిరోధము, కెపాసిటీ మారకుండా ఉండాలి. లేకపోతే ఒక స్థానములో సరిచేసిన ప్రోబు మరొక స్థానములో తప్పు చూపుతుంది. వోలమ్ అధ్యక్షుని గదిలో కంటే ఇంజనీర్ల పనిబల్లల వద్ద ఎక్కువ కాలము గడిపేవాడని, వలయాల వివరాలను స్వయంగా పరిశీలించేవాడని పేరు పొందాడు.

ప్రోబు తీగ

ప్రోబును ఆసిలోస్కోపుకు కలిపే తీగ మరొక సమస్య. మీటరు పొడవున్న మామూలు కోయాక్సియల్ తీగకు దాదాపు 100 పికోఫారడ్‌ల కెపాసిటీ ఉంటుంది. అంతకంటే ముఖ్యముగా, వేగమైన స్పందము తీగ చివరకు చేరి, అక్కడ 1 మెగాఓమ్ నిరోధాన్ని తాకి వెనుదిరుగుతుంది. అలా ఇటూ అటూ తిరిగినంతసేపు తెరపై లేని అలలు కనిపిస్తాయి. అవి పరీక్షిస్తున్న వలయములో ఉన్నవో, ప్రోబులో పుట్టినవో చూచేవారికి తెలియదు.

టెక్ట్రానిక్స్ ఇంజనీర్లు జాన్ కోబ్, విలియం పోలిట్స్ దీనికి చూపిన ఉపాయము చాలా సరళమైనది. తీగ మధ్యలోని రాగి వాహకానికి బదులు, వెంట్రుక వంటి సన్నని నిరోధక లోహపు తీగను వాడారు. వెనుదిరిగిన అల ఆ నిరోధములో వేడిగా మారి అణగిపోతుంది. మధ్య వాహకము సన్నబడినందున కెపాసిటీ కూడా తగ్గింది. మంచి వాహకమే మంచి తీగ అని నమ్మేవారికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. ఈ ఆవిష్కరణకు 1959లో అమెరికా పేటెంటు లభించింది. ఆ తరువాత వచ్చిన పదింతల ప్రోబులలో అత్యధికము ఈ పద్ధతినే అనుసరించాయి.

ప్రోబు కొన వద్ద 10 మెగాఓమ్‌ల నిరోధము ఉన్నదన్న మాట కూడా పూర్తి నిజము కాదు. కొన వద్ద 11 పికోఫారడ్‌ల కెపాసిటీ ఉంటే, 100 మెగాహెర్ట్జ్ వద్ద అది కేవలము 145 ఓమ్‌ల అడ్డంకి మాత్రమే. అందువల్లనే వేగమైన సంకేతాలకు ప్రోబు సహించగల గరిష్ఠ ఓల్టేజి పౌనఃపున్యముతో పాటు తగ్గిపోతుంది. 500 ఓల్టులని ముద్రించి ఉన్న ప్రోబును అధిక పౌనఃపున్యము వద్ద అంత ఓల్టేజికి కలిపితే అది కాలిపోవచ్చు.

వేల ఓల్టుల కొలత

విద్యుత్ సరఫరా సంస్థలు, ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారులు, ఎక్స్-రే పరికరాల వారు పదుల కిలోఓల్టుల స్పందాలను కొలవవలసి వచ్చేది. పిడుగుపాటును అనుకరించే పరీక్షలలో ఓల్టేజి ఒకటి రెండు మైక్రోసెకన్లలో శిఖరాన్ని చేరుతుంది. టెక్ట్రానిక్స్ ఈ అవసరానికి పి6015 అనే ప్రోబును తయారు చేసింది. ఇది ఓల్టేజిని వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. 20 కిలోఓల్టుల స్థిర ఓల్టేజిని, 40 కిలోఓల్టుల వరకు స్పందాలను తట్టుకొనేది.

దీని ప్రవేశ నిరోధము 100 మెగాఓమ్‌లు. 20 కిలోఓల్టులు పెట్టినప్పుడు అందులో 4 వాట్ల శక్తి వేడిగా మారుతుంది. అంత ఓల్టేజిని గాలిలో నిప్పురవ్వ దూకకుండా భరించాలంటే రెసిస్టరు పొడవుగా ఉండాలి. పొడవు పెరిగితే దాని ప్రతి భాగానికి భూమికి మధ్య కెపాసిటీ ఏర్పడి, పైన చెప్పిన సులభమైన లబ్ధముల సూత్రము ఒక్కటి సరిపోదు. అందుకే ఈ ప్రోబు తీగ చివర ఉన్న పెట్టెలో ఒకటి కాక అనేక సవరణ స్క్రూలు ఉంటాయి. చతురస్ర తరంగపు అంచుకు దగ్గరి భాగాన్ని ఒకటి, దూరపు భాగాన్ని మరొకటి సరిచేస్తాయి. ఓల్టేజి భద్రత కోరితే వేగము పోతుంది, వేగము కోరితే భద్రత పోతుంది. ఈ లాగుడు నేటికీ తీరలేదు.

నకళ్ళ వివాదము

1950లలో టెక్ట్రానిక్స్ ఆసిలోస్కోపులు ప్రయోగశాలలలోను, సైన్యములోను ప్రామాణికమైపోయాయి. 1954లో వచ్చిన 530, 540 శ్రేణులలో ముందు భాగాన్ని విడిగా తీసి, అవసరానికి తగినది అమర్చుకొనే వీలు ఉండేది. అవి విశేషంగా అమ్ముడుపోయాయి. ఒకే సంస్థ మీద ఆధారపడడము ఇష్టములేని అమెరికా ప్రభుత్వము, అవే నమూనాలకు నకళ్ళను ఇతర సంస్థల చేత తక్కువ ధరకు చేయించి కొన్నది. తమ అతి పెద్ద కొనుగోలుదారులలో ఒకరైన ప్రభుత్వము మీదనే దావా వేయడము ఏ సంస్థకైనా సాహసమే. వోలమ్ వెనుకాడలేదు. 1961లో ప్రారంభమైన ఈ వ్యాజ్యములో 1971లో న్యాయస్థానము టెక్ట్రానిక్స్ పేటెంట్లు కొన్ని చెల్లుతాయని, వాటిని ఉల్లంఘించారని తీర్పు ఇచ్చింది. నష్టపరిహారము విషయము తేలేసరికి 1977 వచ్చింది. అప్పటికి ఆ పరికరాలలోని శూన్యనాళికల స్థానాన్ని ట్రాన్సిస్టర్లు ఆక్రమించి చాలా కాలమైంది. పరిహారము దక్కినా మార్కెట్టులో కోల్పోయిన సంవత్సరాలు తిరిగి రాలేదు.

సంస్థ నిర్వహణ

సంస్థలో పై నుండి క్రింది వరకు అందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేవారు. లాభాలలో ఉద్యోగులకు వాటా ఉండేది. విడిభాగాల గిడ్డంగికి తాళము వేసేవారు కాదు. 1963లో సంస్థ వాటాలను ప్రజలకు విక్రయించారు. కాథోడ్ కిరణ నాళాలను బయట కొనడము మాని 1950ల మధ్య నుండి స్వయంగా తయారు చేసుకోవడము సంస్థకు గొప్ప బలమైంది. అయితే అన్నీ తామే చేసుకోవాలన్న ఈ అలవాటు తరువాతి దశాబ్దాలలో ఖర్చును పెంచిందన్న విమర్శ కూడా ఉంది.

డిజిటల్ యుగము

1973లో టెక్ట్రానిక్స్ డిజిటల్ ప్రాసెసింగ్ ఆసిలోస్కోపును విడుదల చేసింది. ఇందులో తరంగాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకు పంపవచ్చు. తెర స్థానములోకి ఎ.డి.సి. రావడముతో ప్రవేశ వలయము బాధ్యత ఇంకా పెరిగింది. కాథోడ్ కిరణ నాళములో సంకేతము హద్దు దాటితే కాంతి రేఖ తెర బయటికి పోయి, ఆ సంగతి కంటికి తెలిసేది. ఎ.డి.సి. మాత్రము హద్దు దాటిన ప్రతి విలువకు తన చివరి అంకెనే ఇస్తుంది. అతివేగపు ఎ.డి.సి.ల పరిధి సాధారణంగా ఒకటి రెండు ఓల్టులకు మించదు. ఎక్కువ ఓల్టేజి తగిలితే అవి చెడిపోతాయి. రక్షణ కోసము డయోడ్లు పెడితే వాటి కెపాసిటీ ఓల్టేజితో పాటు మారుతూ తరంగాన్ని వంకర చేస్తుంది.

మరీ ఎక్కువగా తగ్గించడమూ నష్టమే. 8 బిట్ల ఎ.డి.సి.కి 256 మెట్లు ఉంటాయి. సంకేతము పరిధిలో పదో వంతు మాత్రమే నింపితే దానిని సుమారు 25 మెట్లతోనే వర్ణించవలసి వస్తుంది. యాంప్లిఫయరులో పుట్టే రొద సంకేతముతో పాటు తగ్గదు గనుక అది కూడా పెద్దదిగా కనిపిస్తుంది. ఆసిలోస్కోపు మీటలు 1, 2, 5 వరుసలో మెట్లుగా ఉండడానికి ఉన్న ప్రయోజనము ఇక్కడ స్పష్టమౌతుంది. ఏ సంకేతమైనా తెరలో తగినంత భాగాన్ని నింపేలా ఒక మెట్టు దొరుకుతుంది. తప్పుడు ప్రోబు సవరణ వల్ల గుండ్రబడిన మూలను ఎ.డి.సి. ఎంతో కచ్చితంగా నమోదు చేస్తుంది. అది తప్పని చెప్పగల శక్తి దానికి లేదు.

కుటుంబము, చివరి దశ

వోలమ్ 1950లో జీన్‌ను వివాహము చేసుకున్నాడు. వీరికి ఐదుగురు కుమారులు. 1971లో మర్డాక్ కొలంబియా నదిపై జరిగిన విమాన ప్రమాదములో మరణించాడు. ఆయన ఆస్తితో ఏర్పడిన ధర్మనిధి వాయవ్య అమెరికాలో విద్యకు, విజ్ఞానానికి విరాళాలిస్తున్నది. 1970ల తొలి సంవత్సరాలలో వోలమ్ అధ్యక్ష పదవిని ఎర్ల్ వాంట్‌లండ్‌కు అప్పగించాడు.

రీడ్ కళాశాలకు, ఒరెగాన్‌లోని ఇతర విద్యాసంస్థలకు ఈయన విస్తారంగా దానము చేశాడు. శాస్త్ర సాంకేతిక రంగాలలో విశిష్ట కృషికి రీడ్ కళాశాల 1975 నుండి ఈయన పేరిట పురస్కారము ఇస్తున్నది. 1991లో దీనిని అందుకున్నది, అదే కళాశాల చదువును మధ్యలో ఆపివేసిన స్టీవ్ జాబ్స్.

వోలమ్ 1986 ఫిబ్రవరి 5న మరణించాడు. టెక్ట్రానిక్స్‌ను 2007లో డానహర్ సంస్థ కొనుగోలు చేసింది. 2016లో అది డానహర్ నుండి విడివడిన ఫోర్టివ్ క్రిందికి వచ్చింది. వోలమ్ విరాళముతో నెలకొన్న వోలమ్ వైద్య పరిశోధనా సంస్థ 1987లో పోర్ట్‌లాండ్‌లో ప్రారంభమై, నాడీకణాల విద్యుత్ సంకేతాలపై పరిశోధనలకు పేరు పొందింది. అది ఉన్నది తొలి టైపు 511ను కొన్న వైద్య కళాశాల ప్రాంగణములోనే.